రెండు సెంటీమీటర్ల అవతల

స్వరూప పెట్టిన ఫిర్యాదును రెండోసారి కూడా మూసేశారు. కారణం అన్న చోట ‘ఇది మా పరిధిలోకి రాదు’ అని రాశారు. మొదటిసారీ అదే మాట. కాకపోతే మొదటిసారి రాసింది అంకురం బృందం, ఈసారి బాటసారి బృందం. ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచి, కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది. తిడదామంటే ఎదురుగా మనిషి కూడా లేడు. ఆ రెండు బృందాలూ అదే భవనంలో, ఒకటి పై అంతస్తులో, ఒకటి కింది అంతస్తులో ఉంటాయి. మధ్య అంతస్తులో ఆమె.

వికారాబాద్ దాటాక వచ్చే గుట్టల కింద, గుండ్రటి సొరంగంలో ఆ కొలైడర్ ఉంది. కణాలను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించే యంత్రం. మంద్ర అనే కణం అక్కడే దొరికింది. బరువైనది, నెమ్మదైనది. ఒంట్లోకి పంపితే ఎంత లోతున ఆగమంటే అంత లోతున ఆగుతుంది. అక్కడే విరిగి, తనలోని శక్తిని అక్కడే వదులుతుంది. దారిలో ఉన్న కండకూ ఎముకకూ పెద్దగా హాని చెయ్యదు. పుర్రె అడుగున, ఊపిరినీ గుండెనూ నడిపించే మెదడు కాండం పక్కన, కత్తి పెట్టడానికి వీల్లేని చోట పెరిగే గడ్డలకు ఇంతకంటే మంచి మందు లేదని డాక్టర్లు సంబరపడ్డారు. కొలైడర్ పక్కనే ఆసుపత్రి లేచింది. చచ్చిపోతారనుకున్నవాళ్లు అందులోంచి నడుచుకుంటూ బయటికి వచ్చారు.

స్వరూపకు ఆసుపత్రితో ఉద్యోగ సంబంధం లేదు. ఆమెది కొలైడర్ వైపు పని. యంత్రంలో నిజంగా జరిగిన ఢీకొట్టడాలను కంప్యూటర్‌లో జరిపించిన వాటితో పోల్చి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. కంప్యూటర్‌లో ఆ పని చెయ్యడానికి రెండు ప్రోగ్రాములు ఉన్నాయి. అంకురం కణాలను పుట్టిస్తుంది, పుట్టగానే విరిగిపోయేవాటిని అక్కడికక్కడే విరగ్గొడుతుంది. మిగిలినవాటిని బాటసారికి అప్పగిస్తుంది. బాటసారి వాటిని గోడల్లోంచి, ఇనుములోంచి, అవసరమైతే మనిషి పుర్రెలోంచి అడుగడుగునా నడిపిస్తుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నిజమైన యంత్రంలో మంద్ర విరిగిన చోటికి రెండు సెంటీమీటర్ల అవతల సన్నటి మెరుపులు కనిపిస్తున్నాయి. కంప్యూటర్‌లో అవి లేవు. యంత్రంలోనే ఏదో గోల ఉందని పై అధికారి తేల్చేశాడు. ఎలక్ట్రానిక్స్‌వాళ్లు తీగలు మార్చారు, బోర్డులు మార్చారు, ఒకసారి మొత్తం విప్పి మళ్లీ బిగించారు. మెరుపులు పోలేదు. ఆ వానాకాలమంతా స్వరూపకు ఆ మెరుపులతోటే సరిపోయింది. అనుమానం సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లి ఫిర్యాదు పెడితే, ఇదిగో, మూసేశారు.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. ఆమె భర్త సదానందం పరిగిలో జూనియర్ కాలేజీ లెక్చరర్. కెమిస్ట్రీ చెబుతాడు. ఎండాకాలంలో తల తిరుగుతోందని వెళితే ఎడమ చెవి వెనక, పుర్రె అడుగున గడ్డ ఉందని తేలింది. ఇప్పుడు వారంలో ఐదు రోజులు మంద్ర చికిత్సకు వెళుతున్నాడు. ముఖం కదలకుండా జల్లెడలాంటి ముసుగు బిగించి బల్లకు కట్టేస్తారు. ఇంటికి వచ్చేసరికి బుగ్గల మీద, నుదుటి మీద గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉంటుంది. అతని కోపం గడ్డ మీద కాదు. పొద్దున రమ్మని చెప్పి మధ్యాహ్నం పిలిచేవాళ్ల మీద, హాల్లో ఒకే వంటల కార్యక్రమం చూపించే టీవీ మీద, చిల్లర మింగి టీ ఇవ్వని మిషన్ మీద. స్వరూపకు ఆ సణుగుడు వినడం హాయిగా ఉండేది. సణుగుతున్నంతకాలం మనిషి బాగానే ఉన్నాడని ఆమె లెక్క.

ఫిర్యాదు మూసేసిన మర్నాడు ఆమె వేరే దారి పట్టింది. లక్షల కణాలను పంపి సగటులు చూడడం మానేసి, కంప్యూటర్‌లో ఒకే ఒక్క మంద్రను పంపింది. అడుగడుక్కీ ఆపి చూసింది. మంద్ర వెళ్లింది, ఆగింది, రెండు ముక్కలైంది. ఒక ముక్క అక్కడికక్కడే విరిగి శక్తి వదిలింది. రెండోది విద్యుదావేశం లేనిది, అనుజ అని పేరు పెట్టిన చిన్న కణం. అది బయల్దేరింది. లెక్క ప్రకారం రెండు సెంటీమీటర్లు పోయాక విరగాలి. విరగలేదు. యంత్రం దాటింది. సొరంగం గోడ దాటింది. కంప్యూటర్‌లో గీసిన ప్రపంచం అంచు దాకా పోయి, అక్కడ మాయమైంది. దానితో పాటు దాని శక్తీ లెక్కలోంచి పోయింది.

ఎందుకో తెలుసుకోవడానికి ఇక ఎంతోసేపు పట్టలేదు. ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ దూరం పోయే కణాన్ని తాను విరగ్గొట్టకూడదని అంకురం నియమం. అందుకే అనుజను బాటసారి చేతికి ఇచ్చేస్తోంది. బాటసారి దగ్గర ఏ కణం ఎలా విరగాలో చెప్పే పట్టిక ఉంది కానీ, అది మంద్ర దొరకకముందు తయారైంది. అందులో అనుజ పేరే లేదు. పట్టికలో లేనిది ఎప్పటికీ విరగదని బాటసారి నమ్మకం. ఒకదాని దృష్టిలో అది ఇంకొకరి పని, రెండోదాని దృష్టిలో అసలు అలాంటి పనే లేదు.

స్వరూప టీ తెచ్చుకుంది. ఇన్నాళ్లూ యంత్రం నిజమే చెబుతోందన్న సంతోషం ఆ టీ సగం అయ్యేదాకా నిలిచింది. తర్వాత కప్పు బల్ల మీద పెట్టేసింది. ఆసుపత్రిలో ప్రతి రోగి పుర్రెనూ ముందు కంప్యూటర్‌లో గీసి, మంద్రను ఎటునుంచి ఎంత పంపాలో ఈ రెండు ప్రోగ్రాములతోటే లెక్క కడతారు.

ఆమె ఆసుపత్రికి నడిచింది. అక్కడ చికిత్స చూసే డాక్టర్ తస్నీమ్ హైదరాబాద్ మనిషి. ఏదైనా సూటిగా అడిగి సూటిగా చెప్పే రకం. స్వరూప చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. తర్వాత ఒక విషయం ఒప్పుకుంది. పంపిన శక్తికీ కంప్యూటర్‌లో తేలిన శక్తికీ మధ్య మొదటినుంచీ చిన్న కొరత ఉంది. ఎక్కడో కారిపోతోంది లెమ్మని, ఆ కొరత పూడేలా ప్రతి రోగికీ కణాలను కొంచెం ఎక్కువ పంపమని లెక్కలు కట్టేవాళ్లు మొదట్లోనే సలహా ఇచ్చారు. అలాగే పంపుతున్నారు. ఒంటికి బదులు నీళ్ల తొట్టిలోకి పంపి పరీక్ష చేసినప్పుడు మంద్ర ఆగిన చోటనే కొలిచారు తప్ప దాని అవతల కొలవలేదు.

సదానందం గడ్డకు రెండు సెంటీమీటర్ల అవతల ఏముంటుందని స్వరూప అడిగింది. తస్నీమ్ బొమ్మ తీసి చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"లోపలి చెవి," అన్నది.

మంద్రలను పంపే బీమ్ ఇప్పుడే ఆపమని స్వరూప అడిగింది. తస్నీమ్ తల అడ్డంగా ఊపింది. మధ్యలో ఆపితే గడ్డలు ఊరుకోవు, మొండికెత్తి పెరుగుతాయి. కొందరికి వారం ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటు నిజమేనని రెండు ప్రోగ్రాముల అధిపతులూ సంతకం చేసి ఇస్తే డైరెక్టర్‌ను అడిగి ఆ నిమిషమే ఆపిస్తానంది. ఒక్క మనిషి అనుమానం మీద ఇంతమంది చికిత్స ఆపే అధికారం తనకు లేదంది. అనుమానం కాదని స్వరూప గొంతు పెంచింది. తస్నీమ్ గొంతు పెంచలేదు. రుజువు తెమ్మంది.

ఆ సాయంత్రం పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరగడంతోటే సరిపోయింది. అంకురం అధిపతి ఫణిశర్మ మీటింగులో ఉన్నాడు. బాటసారి అధిపతి జాన్ వెస్లీ, కొత్తగా ఫిర్యాదు పెడితే వరుసలో చూస్తామన్నాడు. వరుస ఎంత ఉందని అడిగితే, చాలా ఉందన్నాడు.

మర్నాడు పొద్దున సదానందం తయారై చెప్పులు వేసుకుంటుంటే స్వరూప గుమ్మంలో నిలబడి విషయమంతా చెప్పింది. కొన్నాళ్లు వెళ్లొద్దంది. అతను ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని విన్నాడు.

"నా తలల గడ్డ మీ సాఫ్ట్‌వేర్ బాగయ్యేదాక ఆగుతదా?"

"చెవి పోతదని చెప్తున్న. వింటున్నవా?"

"వింటున్న. ఇంకా రెండు చెవులూ పనిచేస్తున్నయ్." చెప్పు కింద పడేసి కాలు దూర్చాడు. "నన్నొక్కన్ని ఆపుతవ్. మరి హాల్ల నా పక్కన కూసునేటోళ్లు? ఆ తాండూరు పిల్ల, ఆ ముసలాయన? వాళ్లింట్ల నీ అసొంటిది లేదు చెప్పనీకి. వాళ్లు పండుకుంటే నేనూ పండుకుంట. ఆపితే అందర్ని ఆపు."

"సంతకం లేకుండ డాక్టర్ ఆపదట."

"అయితే సంతకం తే. అప్పటిదాక నా వంతు నా వంతే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంత మొండి మనిషిని ఎక్కడా చూడలేదంది. తన మాట ఎప్పుడు విన్నాడు గనకంది. అతను స్కూటర్ తాళాలు ఆమె చేతికిచ్చాడు. తల తిరుగుతోందని డ్రైవింగ్ మానేశాడు కదా, ఆమే తీసుకెళ్లాలి. అతను లోపలికి వెళ్లాక అద్దం ఇవతల నిలబడి చూసింది. ముసుగు బిగించారు. బల్ల జరిగింది. మంద్రకు చప్పుడు లేదు, వెలుతురు లేదు. చూడడానికి ఒక మనిషి ఊరికే పడుకున్నట్టు ఉంది అంతే. అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడలేక ఆమె తన భవనానికి వెళ్లిపోయింది.

ఫణిశర్మ గది తలుపు కొట్టలేదు, తోసింది. తప్పు తమదేనని వెస్లీగారు ఒప్పుకున్నారనీ, సాక్ష్యానికి మిమ్మల్ని ఆసుపత్రికి రమ్మంటున్నారనీ చెప్పింది. కింది అంతస్తులో వెస్లీకి అదే మాట పేరు మార్చి చెప్పింది. ఇద్దరూ వెంటనే బయల్దేరారు. ఆసుపత్రిలో లెక్కలు కట్టే గదిలో ఒకరికొకరు ఎదురుపడి, ఎదుటివాడు క్షమాపణ చెబుతాడని ఇద్దరూ కాసేపు ఎదురుచూశారు. ఆ గదికి ఒకవైపు గోడ బదులు అద్దం ఉంది. అద్దం అవతల చికిత్స బల్ల. సదానందం దిగాడు. తాండూరు పిల్ల ఎక్కింది.

స్వరూప అబద్ధం చెప్పానని ఒప్పేసుకుని, ఒక్క అనుజను నడిపించి చూపించింది. ప్రపంచం అంచున అది మాయమవడం ఇద్దరూ చూశారు.

"సెంటీమీటరు దాటినదాన్ని అప్పగించడం మా నియమమండీ," అన్నాడు ఫణిశర్మ. "మేం అప్పగించాం. మా వైపునుంచి లోపం లేదు."

"మీరు అప్పగించినదాని పేరు మా పట్టికలో లేదు సార్," అన్నాడు వెస్లీ. "పేరు లేనిదాన్ని మేమెలా విరగ్గొడతాం? చేర్చమని మాకెవరూ చెప్పలేదు."

చెప్పాల్సింది ఎవరన్న దాని మీద మొదలై వాదన ఎటో పోయింది. ఐదేళ్ల కిందటి మీటింగులో ఎవరు ఏమన్నారో ఇద్దరికీ గుర్తుంది, వేర్వేరుగా. తస్నీమ్ అద్దం వైపు తిరిగి నిలబడి ఉంది. స్వరూప ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా ఆయన ఇప్పుడే బల్ల దిగి పోయిండు. ఆయన చెవిల అనుజలు నిజంగనే విరిగినయ్. ఆ పిల్ల చెవిల ఇప్పుడు విరుగుతున్నయ్. మీ ఇద్దరిల ఎవరి పరిధి అని అవి అడుగుతలేవు. మీరు బాగు చేసేదాక ఈ గదిలకెళ్లి ఎవరూ పోవద్దు."

వాళ్లు పని మొదలుపెట్టారు. వెస్లీ ఒక కంప్యూటర్ దగ్గర, ఫణిశర్మ ఒక కంప్యూటర్ దగ్గర, వీపులు ఒకరివైపు ఒకరు పెట్టుకుని. మధ్యాహ్నం భోజనాలకు ఎవరూ లేవలేదు. చివరికి అయిందన్నారు. నడిపించి చూస్తే, ఇప్పుడు శక్తి తగ్గడం లేదు. పంపినదానికంటే ఎక్కువ తేలుతోంది. ఏమీ లేని చోటునుంచి శక్తి పుట్టుకొస్తోంది.

స్వరూపకు జుట్టు పీక్కోవాలనిపించింది. వెస్లీ పట్టికను వరుసగా చదివింది. అనుజ పేరు ఉంది, సరిగ్గానే ఉంది. తర్వాత ఫణిశర్మ వైపు వెళ్లి, ఏం మార్చారని అడిగింది. అతను కొంచెం గర్వంగానే చెప్పాడు. ఒక సెంటీమీటరు నియమాన్ని ఐదు సెంటీమీటర్లకు పెంచాడట. ఇక అంకురమే అనుజను విరగ్గొట్టేస్తుందట, ఎవరి సాయమూ అక్కర్లేదట. వెస్లీ కుర్చీలో వెనక్కి తిరిగాడు. అంకురం విరగ్గొట్టిందని చెప్పే గుర్తు కూడా పెట్టకుండా ఇస్తే, బాటసారి అదే అనుజను ఇంకోసారి విరగ్గొడుతోంది. ఇద్దరూ ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే తప్పును రెండువైపులా దిద్దారు.

ఆమె అరవలేదు. అరిచే ఓపిక అయిపోయింది. ఎవరో ఒక్కరు విరగ్గొట్టండి, ఎవరైనా సరే, అంది.

వెస్లీ కుర్చీని మళ్లీ తన కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు.

"మేం చేస్తాం," అన్నాడు వెస్లీ. "సార్, మీరు పాత నియమం పెట్టేయండి."

ఈ పని మొదలైనప్పటినుంచీ ‘మేం చేస్తాం’ అన్న మాట స్వరూప వినడం అదే మొదటిసారి. ఫణిశర్మ నియమాన్ని వెనక్కి మార్చాడు. ఈసారి పంపిన శక్తీ తేలిన శక్తీ సరిపోయాయి. రెండు సెంటీమీటర్ల అవతల సన్నటి మెరుపులు కనిపించాయి, యంత్రంలో కనిపించినట్టే.

తస్నీమ్ సదానందం పుర్రె బొమ్మను తెరిచి, ఇదే లెక్క దాని మీద నడిపించమంది. తెర మీద గడ్డ ఉన్నచోట ఎర్రటి ముద్ద వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే. దాని అవతల, నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న లోపలి చెవి మీద, ఇంతకుముందు ఎవరూ చూడని ఇంకో మచ్చ మెల్లగా ఎర్రబడింది. చిన్నదే. ఎర్రబడుతూనే ఉంది. తస్నీమ్ ఫోన్ తీసి డైరెక్టర్‌తో మాట్లాడింది. రెండు సంతకాలూ ఆమె అడగకముందే పడ్డాయి. అద్దం అవతల బల్ల మీద అప్పుడే పడుకోబెట్టిన ముసలాయనకు ముసుగు విప్పి లేపి కూర్చోబెట్టారు. ఏమైందో తెలియక ఆయన అటూ ఇటూ చూస్తున్నాడు.

అందరూ లేస్తుంటే వెస్లీ మాత్రం కదల్లేదు. తెలియని కణం వస్తే బాటసారి ఒక హెచ్చరిక రాసేదనీ, మంద్ర వచ్చాక ఆ హెచ్చరికలు లక్షల్లో పడి డిస్కులు నిండిపోతుంటే దాన్ని రాయకుండా ఆపింది తానేననీ, తెర వైపే చూస్తూ చెప్పాడు. స్వరూప ఏదో అనాలనుకుంది. పొద్దుటినుంచి దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అతని ముఖం చూశాక, ఆ హెచ్చరికను మళ్లీ రాసేలా పెట్టమని మాత్రం అంది.

బీమ్ ఆగిపోయింది. ప్రతి రోగి లెక్కా మళ్లీ మొదటినుంచి కట్టాలి. హాల్లో కూర్చున్నవాళ్లకు కారణం ఒక్కొక్కరికి ఒక్కోలా చేరింది. సదానందాన్ని కాపాడుకోవడానికి భార్య యంత్రాన్ని ఆపించిందని ఒకరన్నారు. ముసలాయన కొడుకు స్వరూపను మెట్ల దగ్గర ఆపి, మీ ఇంటాయన కోసం మా నాయనను చంపుతారా అని అడిగాడు. ఆమె నిలబడి విషయమంతా చెప్పింది. అతను విన్నాడు కానీ నమ్మలేదు. నమ్మినా అతని తండ్రి గడ్డ ఆగదు. ఆ రోజుల్లో స్వరూప ఇంటికి వచ్చి తిని, మళ్లీ వెళ్లేది. ఫణిశర్మ బృందం, వెస్లీ బృందం ఇప్పుడు ఒకే అంతస్తులో కూర్చుని పనిచేస్తున్నాయి. పోట్లాటలు తగ్గలేదు, కనీసం ఎదురెదురుగా జరుగుతున్నాయి.

ఇప్పటికే చికిత్స పూర్తయి ఇళ్లకు వెళ్లినవాళ్ల సంగతి మిగిలింది. ‘స్వల్ప సాంకేతిక సవరణ జరిగినందున ఒకసారి వచ్చి కలవగలరు’ అని అందరికీ ఉత్తరం పంపుదామని డైరెక్టర్ అన్నాడు. ఆ మాట కింద తన పేరు ఉండదని తస్నీమ్ చెప్పేసింది. తానే వెళ్లి చెబుతానంది. స్వరూప కూడా బయల్దేరింది.

మొదట వెళ్లింది బాలమణి ఇంటికి. ఆమె బస్సు కండక్టర్. మంద్రతో గడ్డ పూర్తిగా పోయిన మొదటి మనిషి. ఆసుపత్రి గోడ మీద నవ్వుతూ ఉన్న ఫొటో ఆమెదే. పరిగిలో రెండు గదుల ఇల్లు. డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. తస్నీమ్‌ను చూసి సంబరంగా లోపలికి పిలిచింది, చాయ్ పెట్టబోయింది. చాయ్ వద్దని కూర్చోబెట్టి తస్నీమ్ నెమ్మదిగా మొత్తం చెప్పింది. చెబుతున్నకొద్దీ బాలమణి ముఖంలో సంబరం పోయింది. తల కొంచెం పక్కకు తిప్పి, కుడి చెవి ఇటువైపు పెట్టి వింటోందని స్వరూప గమనించింది.

"చెవిల తేనెటీగలు తిరిగినట్టున్నదని ఎన్నిసార్లొచ్చి చెప్పిన మేడం మీకు," అంది బాలమణి. "మొదటిసారొస్తే బస్సు ఇంజన్ సప్పుడన్నరు. ఇంకోసారొస్తే వయసన్నరు. మల్లొస్తే, గడ్డ పోయిందని సంతోషపడక ఇదేం గోల అన్నరు. ఎవరన్నరో చెప్పాల్నా?"

అవసరం లేదని తస్నీమ్ అంది. తాను అన్న మాటలు తనకు గుర్తున్నాయంది.

గడ్డ పోయినందుకు కృతజ్ఞత ఉందో లేదో బాలమణి చెప్పలేదు, వీళ్లు అడగలేదు. మిగిలిన కొద్ది వినికిడైనా మందులతో నిలబెట్టొచ్చనీ, త్వరగా పరీక్షకు రావాలనీ తస్నీమ్ చెబితే, డ్యూటీ మార్చుకుని వస్తానంది. ఇంకా ఇలా ఎంతమందికి చెప్పాలని అడిగింది. చాలామందికి అని తెలిసి, గుమ్మం వైపు చూపించింది.

"మరి ఇంక కూసున్నరేంది? పోయి చెప్పుర్రి. వాళ్లకు గూడ తేనెటీగలు తిరుగుతుంటయ్, పిచ్చి లేసిందనుకుంటుంటరు."

కొత్త లెక్కలు తయారయ్యేసరికి కొన్ని వారాలు పట్టింది. ముసలాయన వంతు వచ్చేలోపే పోయాడు. గడ్డ వల్లనా, వయసు వల్లనా అని ఆసుపత్రి తేల్చి చెప్పలేకపోయింది. ఆయన కొడుకు మళ్లీ కనిపిస్తాడేమోనని స్వరూప చాలా రోజులు మెట్ల దగ్గర ఆగి చూసేది. కనిపించలేదు. బీమ్ ఆపకపోతే ఆ పిల్లకు, ఇంకెందరికో చెవులు పోయేవి. ఆపితే ఈయన పోయాడు. రెండూ నిజమే. ఒకదానికి రెండోది జవాబు కాదు.

సదానందం గడ్డ కూడా పెరిగింది. మెదడు కాండం వైపు జరిగింది. తస్నీమ్ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి కొత్త బొమ్మ చూపించింది. ఇప్పుడు అనుజ ఎక్కడ విరుగుతుందో తెలుసు కాబట్టి మంద్రను వేరే కోణంలోంచి పంపొచ్చు. చాలామందికి చెవి మొత్తంగా తప్పించొచ్చు. సదానందానికి వీలుకాదు. కాండాన్ని కాపాడాలంటే మిగిలిన దారి ఒక్కటే, అది ఎడమ చెవి మీదుగా పోతుంది. మోతాదు తగ్గిస్తే చెవి కొంత మిగలొచ్చు, కానీ గడ్డ మళ్లీ రావొచ్చు.

"చెవి ఖాయంగ పోతదా?" అని అడిగాడు సదానందం, క్లాసులో ప్రశ్న తిరిగి అడిగినట్టు.

పోతుందని తస్నీమ్ చెప్పింది.

"గడ్డ?"

పోయే అవకాశమే ఎక్కువంది.

"అయితే పెట్టేయండి. మొన్నటిదాక ఏం పోతదో తెల్వకుండ పండుకున్న. ఇప్పుడు తెలిసి పండుకుంట. గంతే తేడా."

బయటికి వచ్చాక స్వరూప ఆ పొద్దుటి సంగతి ఎత్తింది. ఆ రోజు తన మాట విని ఆగి ఉంటే ఆ ఒక్క మోతాదైనా తప్పేది కదా అంది. ఆ ఒక్కటి తప్పించుకున్నా ఇప్పుడు పోయేదే కదా అని అతను విసుక్కున్నాడు. తాను బల్ల మీద పడుకోకపోతే ఆమె ఆ ఇద్దరినీ ఆ రోజే పట్టుకుని లాక్కొచ్చేదా అని ఎదురు అడిగాడు. అతను పడుకోకపోతే ఆమె వారం ఆగి, మూడో ఫిర్యాదు పెట్టి ఉండేదేమో.

చికిత్స చలికాలంలో ముగిసింది. గడ్డ చిక్కి చిన్న మచ్చలా మిగిలింది, పెరగడం లేదు. సదానందం కాలేజీకి వెళుతున్నాడు. పిల్లలు ఎడమవైపు బెంచీల్లో కూర్చుని మాట్లాడుకుంటారని పసిగట్టి, వాళ్లందరినీ కుడివైపుకు మార్చాడట. ఆ కథ చెప్పి తనే నవ్వాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అతను బల్ల దగ్గర కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. స్వరూప వంటింట్లోంచి, రాత్రికి వంకాయ చెయ్యనా, చిక్కుడుకాయ చెయ్యనా అని అడిగింది. పలకలేదు. మళ్లీ అడిగింది. పెన్ను కదులుతూనే ఉంది. ఎప్పుడూ ఇంతే, ఈ మనిషి ధ్యాస ఇంట్లో ఉంటే కదా అని సణుక్కుంటూ, చేతిలో గరిటెతో సహా విసురుగా బయటికి వచ్చింది. అతని ఎడమ భుజం పక్కన నిలబడి, పెద్దగా, మూడోసారి అడగబోయింది. నోరు తెరిచాక గుర్తొచ్చింది.

గరిటె బల్ల మీద పెట్టింది. కుర్చీ వెనకగా అటువైపుకు నడిచి, అతని కుడి పక్కన కూర్చుంది. అతను తలెత్తి, ఎప్పుడొచ్చావన్నట్టు చూశాడు. అదే మాట ఆమె మళ్లీ అడిగింది, మెల్లగా, మొదటిసారి అడుగుతున్నట్టు.